అది ఆయన గొంతు కాదురా!

మా అమ్మకి సంగీతం రాదు. ఏది కల్యాణో, ఏది కాంభోజో చెప్పమంటే "నాకెందుకురా ఆ గొడవ?" అనేది. కాని గొంతులు మాత్రం బాగా తెలుసు. వీధి అరుగు మీద ఎవరైనా దగ్గితే, వచ్చినాయన ఎవరో వంటింట్లోంచే చెప్పేసేది. ఆవిడ చెవి ఎంత గట్టిదో నాకు తెలిసొచ్చింది 1980ల చివర్లో, ఒక కేసెట్టు పుణ్యమా అని.

టేప్ రికార్డర్లు ఇల్లిల్లూ చేరుకున్న రోజులవి. బెజవాడ బీసెంటు రోడ్డులో పోతూంటే ఒక బండి మీద ఘంటసాల బొమ్మతో కేసెట్టు కనిపించింది. ధర చూస్తే మామూలు కొట్లో అడిగేదాంట్లో సగం. చవగ్గా వచ్చింది కదా అని సంబరపడుతూ కొనేశాను. ఇంటికొచ్చి, అమ్మ చేటలో బియ్యం ఏరుతూంటే పక్కన పెట్టి మీట నొక్కాను. మొదటి పాట 'దేవదాసు' లోది. పల్లవి సగం అయిందో లేదో, అమ్మ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"ఎవర్రా ఈ పాడేది?"

"ఘంటసాలే కదమ్మా! బొమ్మ కూడా వేశారు, చూడు."

"బొమ్మ ఆయనదే. గొంతు ఆయనది కాదురా!"

నాకు రోషం వచ్చింది. అట్ట తిరగేసి చూశాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేరే ఎవరిదో పేరు. అమ్మ ఇంకేమీ అనలేదు, మళ్లీ బియ్యం ఏరుకోవడంలో పడింది. నేనే సిగ్గుపడి టేపు ఆపేశాను.

దాని వెనక కథ తర్వాత తెలిసింది. 1957 నాటి కాపీరైటు చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. హక్కుదారు అనుమతితో ఒక పాట ఒకసారి రికార్డుగా వచ్చిన తర్వాత, నోటీసు ఇచ్చి రాయల్టీ చెల్లిస్తే, అదే పాటను ఇంకొకరి చేత పాడించి మరో రికార్డు చేసుకోవచ్చు. కేసెట్లు చవకయిన 1980లలో చాలామంది ఈ దారి పట్టారు. 'వెర్షన్ రికార్డింగు' అని దానికో పేరు. రఫీ పాటలు, కిశోర్ పాటలు, ముకేశ్ పాటలు అన్నీ కొత్త గొంతుల్లో వచ్చి పడ్డాయి. పాడినవాళ్లను నేను తప్పుపట్టను. సోనూ నిగమ్ లాంటివాడు రఫీ పాటలు పాడుతూనే జనానికి పరిచయమయ్యాడు. ఎవరి పొట్ట వారిది. నాకు బాధ కలిగించింది ఆ చీమ తలకాయ అక్షరాలు. పాడినవాడు నా ఎదట లేనట్టే, పోయినాయన ఇంకా ఉన్నట్టే నన్ను నమ్మించబోయారు. అందులో ఇద్దరికీ అన్యాయమే జరిగింది.

ఆ మాటకొస్తే మనం మాత్రం తక్కువ తిన్నామా? పందిట్లో ఆర్కెస్ట్రా పెడితే మన నోట వచ్చే పెద్ద మెప్పు ఏమిటి? "అచ్చం ఘంటసాల లాగే పాడాడండీ!" ఆ 'అచ్చం' అనే మాటకి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అచ్చం అలాగే పాడితే అది శ్రద్ధాంజలి ఎలా అవుతుందో, పాడినవాడు తనదంటూ ఏం సమర్పించాడో ఆలోచించే తీరిక అప్పట్లో లేకపోయింది.

ఆ ఆలోచన పుట్టించింది 1992లో లతా మంగేష్కర్ వెలువరించిన ఆల్బం. దాని పేరే 'శ్రద్ధాంజలి'. తనకంటే ముందు వెళ్లిపోయిన గాయకుల పాటల్ని ఏరి తన గొంతుతో పాడింది. సైగల్, ముకేశ్, రఫీ, కిశోర్ కుమార్, హేమంత్ కుమార్, ఇలా సాగుతుంది వరస. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. ఎవరి పాటో, పాడుతున్నది ఎవరో దాపరికం లేదు. లత పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంది.

వీళ్లందరిలోనూ సైగల్ సంగతి వేరు. మిగిలినవాళ్లు లతతో పక్కపక్కన నిలబడి పాడినవాళ్లు. సైగల్‌తో ఒక్క పాటయినా పాడే యోగం ఆవిడకు పట్టలేదు. ఆయన 1947 జనవరి 18న జలంధర్‌లో పోయాడు, నలభై రెండేళ్లకే. లతకి అప్పటికి పదిహేడు. తండ్రి దీనానాథ్ 1942లో పోతే, ఇంటి బరువు మోస్తూ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. దీనానాథ్ గారు నాటక సంగీతంలో పెద్ద విద్వాంసుడు. ఆ ఇంట్లో సినిమా పాటకి పెద్దగా మర్యాద ఉండేది కాదనీ, సైగల్ పాటకి మాత్రం మినహాయింపనీ అంటారు. లత తన సంపాదనతో మొదటిసారి రేడియో కొనుక్కుంటే అందులో విన్న మొదటి వార్త సైగల్ చనిపోయాడన్నదేననీ, ఆ రేడియోని మళ్లీ కొట్లోనే ఇచ్చేసిందనీ ఇంకో ముచ్చట చెప్పుకుంటారు. ఏ గొంతు కోసం ఆ పెట్టె కొనుక్కుందో ఆ గొంతే లేనప్పుడు పెట్టె ఎందుకనుకుంది కాబోలు.

సైగల్ అంటే ఈనాటి పిల్లలకి తెలియకపోవచ్చు. 1904లో జమ్మూలో పుట్టాడు. రైల్వేలో పనిచేశాడు, టైపు మిషన్లు అమ్మాడు, ఆ తర్వాత కలకత్తా న్యూ థియేటర్స్‌లో తేలాడు. 1935లో హిందీ 'దేవదాస్' గా తెరమీద నిలబడి తన పాట తానే పాడుకున్నాడు. మనకి 1953లో అక్కినేని దేవదాసయితే ఆయన గొంతు ఘంటసాల అయ్యాడు. ఉత్తరాదివాళ్లకి ఆ మనిషీ ఆ గొంతూ ఒక్కరే. అదీకాక సైగల్ మైకుతో మాట్లాడుతున్నట్టు పాడేవాడు. నాటకాల వాళ్లలాగా చివరి బెంచీ దాకా వినబడాలని గొంతు చించుకునేవాడు కాదు. మంద్రంలో, పక్కన కూచున్నవాడికి చెబుతున్నట్టుగా ఉండేది. వినేవాడికి ఆ పాట తన ఒక్కడి కోసమే అనిపించేది.

ఇంతటి గొంతు ఉన్నాక అనుకరించేవాళ్లు పుట్టకుండా ఉంటారా? ముకేశ్ 1945లో 'పెహ్లీ నజర్' సినిమాకి పాడిన పాట వినండి. సైగలే అనుకుంటారు. ఆ ముద్ర వదిలించుకోవడానికి పాపం ముకేశ్‌కి కొన్నేళ్లు పట్టింది. కిశోర్ కుమార్ మొదటి పాటల్లోనూ సైగల్ నీడ కనిపిస్తుంది. మగవాళ్లందరికీ ఆ దారి తెరిచే ఉంది. లతకి ఆ దారి లేదు. ఆడగొంతు, పైగా తారస్థాయిలో తీగలా సాగే గొంతు. సైగల్ మంద్రానికి ఆవిడ ఎంత దిగినా అందదు. అంచేత, 'అచ్చం' అనే మెప్పు ఆవిడకు ముందే లేకుండా పోయింది. అదే ఆవిడ అదృష్టమని నా మట్టుకు నాకు అనిపిస్తుంది.

ఇందులో సైగల్ 'భక్త సూర్‌దాస్' (1942) లో పాడిన అంధుడి ప్రార్థన ఒకటి ఉంది. చూపు లేనివాడికి దారి చూపమని దేవుణ్ణి వేడుకునే పాట. జ్ఞాన్ దత్ సంగీతం. సైగల్ పాడుతూంటే మనకి కనిపించేది సూర్‌దాస్. కర్ర పట్టుకు తడుముకుంటూ వెళ్లే ఒక మనిషి. పాట ఆ పాత్రకి అతుక్కుపోయి ఉంటుంది. లత పాడినప్పుడు ఆ కర్రా లేదు, ఆ వేషమూ లేదు. అరవై దాటిన ఒక స్త్రీ నింపాదిగా దేవుణ్ణి అడుగుతోంది. కళ్లున్నవాళ్లకీ దారి కనిపించని రోజులుంటాయి కదా! పాట సినిమాలోంచి బయటికొచ్చి, మన పూజ గదిలో కూచున్నట్టయింది. సైగల్ తీసిన గమకాన్ని ఆవిడ ఎక్కడా కాపీ కొట్టలేదు. వరస చెడకుండా, తన పద్ధతిలో సన్నగా, నిక్కచ్చిగా పాడుకుపోయింది. ఈ పాటకి మాత్రం ఆవిడ చేతిలో మేలే జరిగింది.

రెండోది ముకేశ్ పాట. 1971 నాటి 'ఆనంద్' లో సలిల్ చౌధురి బాణీకి ముకేశ్ పాడిన సాయంకాలపు పాట. దీనికో విషాదం ముడిపడి ఉంది. ముకేశ్ పోయింది 1976 ఆగస్టు 27న అమెరికాలో, డెట్రాయిట్‌లో. లతతో కలిసి కచేరీలకు వెళ్లిన పర్యటనలోనే. అంటే ఆయన ఆఖరి రోజుల్లో వేదిక మీద పక్కన నిలబడినావిడే, పదహారేళ్ల తర్వాత ఆయన పాట అందుకుంది. ఇది తెలిసి వింటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. ఇంతా చేసి, పాట నాకు పూర్తిగా ఎక్కలేదు. ఎందుకా అని ఆలోచిస్తే తట్టింది. ముకేశ్ గొంతులో ఒక చిన్న తడబాటు ఉండేది. శ్రుతిలో నిలుస్తాడా, జారతాడా అని వినేవాడికి కాస్త బెంగ. ఆ బెంగే ఆ పాటకి ప్రాణం. చావుకి దగ్గరయిన మనిషి సాయంత్రం పూట పాడుకునే పాట మరీ కుదురుగా ఉంటే ఎలా? లత ఎక్కడా తొణకదు. అంత చక్కగా పాడటమే ఈ పాటకి లోటయింది. గొప్పవాళ్ల గొప్పతనం ఒక్కోసారి వాళ్లకే అడ్డు తగులుతుంది.

సరే, అసలు సంగతికి వద్దాం. నేను ఇంతసేపూ చెప్పాలనుకుంటున్నది మూడో పాట గురించి. 'జిందగీ' (1940) లో పంకజ్ మల్లిక్ స్వరపరిచిన జోలపాట, 'సో జా రాజ్‌కుమారీ'. కేదార్ శర్మ రాశాడు, సైగల్ పాడాడు. రాకుమారిని నిద్రపొమ్మనే చిన్న పాట.

మన దేశంలో జోలపాట ఆడవాళ్ల సొత్తు. ఉయ్యాల తాడు అమ్మ చేతిలోనో, అమ్మమ్మ చేతిలోనో ఉంటుంది. లాలి పాడమంటే మగవాడు నోరు వెళ్లబెడతాడు. అలాంటిది సైగల్ లాంటి నిండు మగ గొంతు, సాధ్యమైనంత చిన్నదిగా చేసుకుని, పిల్ల ఎక్కడ ఉలిక్కిపడుతుందో అని జాగ్రత్తగా అడుగులు వేస్తుంటే, ఆ జాగ్రత్తలోనే ఉంది ఆ పాట అందమంతా. పెద్ద చెయ్యి పిట్టపిల్లను పట్టుకున్నట్టుంటుంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. నా చిన్నతనంలో ఒకసారి అమ్మ జ్వరంతో పడుకుంది. పాలు తాగే మా చెల్లాయి ఒకటే ఏడుపు. నాన్నగారు ఎత్తుకున్నారు. ఆయనకి లాలీ రాదు, జోలా రాదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, ఏమీ తోచక, ఈ వరసని మాటల్లేకుండా మూలగడం మొదలెట్టారు. ఆ రోజుల్లో రేడియో సిలోన్ వాళ్లు పొద్దుటిపూట పాత సినిమా పాటల కార్యక్రమాన్ని సైగల్ పాటతోనే ముగించేవారు. ఆఫీసుకి తయారవుతూ విన్నదే ఆయనకి అక్కరకొచ్చింది. చెల్లాయి భుజం మీద నిద్రపోయింది. పోయిందో లేదో మెడ తిప్పి చూడ్డానికి కూడా ఆయనకు భయం, ఎక్కడ లేస్తుందోనని. అలాగే నిలబడి ఇంకో అరగంట మూలిగారు.

ఇప్పుడు ఇదే పాటని లత పాడింది. తియ్యగా పాడింది. ఒక్క స్వరం అటూ ఇటూ పోలేదు. కాని ఆ గొంతులో అది అమ్మ పాట అయిపోయింది. అమ్మ జోల పాడటంలో వింతేముంది? ఆవిడకి అది పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. తడుముకోవడమూ లేదు, భయమూ లేదు. అదీకాక లత జోలపాట మన తెలుగువాళ్లకి కొత్త కాదు. 1955లో 'సంతానం' కోసం సుసర్ల దక్షిణామూర్తి గారు ఆవిడ చేత 'నిదురపోరా తమ్ముడా' పాడించారు. తెలుగు రాని గొంతు తెలుగు తమ్ముణ్ణి ఎలా నిద్రపుచ్చిందో ఆనాటివాళ్లెవరూ మరిచిపోలేదు. అక్కడ అక్క కావాలి, అక్క దొరికింది. ఇక్కడ కావలసింది ఉయ్యాల ఊపడం తెలియని ఒక మగవాడు. ఆ మనిషి లత గొంతులో లేడు, ఉండడు.

అయితే ఇది ఓటమేనా? మొదట్లో అలాగే అనుకున్నాను. టేపు అయిపోగానే నేనేం చేశానో గమనించుకున్నాక అభిప్రాయం మార్చుకున్నాను. లేచి వెళ్లి సైగల్ పాట వెతికి పెట్టుకున్నాను. గరగరమంటున్న ఆ పాత రికార్డులో, నాకు అంతకుముందు ఎన్నడూ వినబడని ఆ జాగ్రత్త, ఆ బెదురు అప్పుడు వినబడ్డాయి. పక్కన లత పాడకపోతే నాకవి తెలిసేవే కావు. ఏది పాటదో, ఏది పాడినవాడిదో ఆవిడ విడదీసి చూపించింది. వరస ఎవరైనా అందుకోవచ్చు, మాటలు ఎవరైనా పలకవచ్చు. అవి రెండూ ఇచ్చేశాక కూడా సైగల్ దగ్గర ఇంకా కాస్త మిగిలిపోయింది. ఆ మిగిలిందే ఆయన.

బండి మీద నేను కొన్న కేసెట్టు ఈ పని చెయ్యలేదు. దాని ఉద్దేశం నన్ను పాత రికార్డు దాకా పోనివ్వకుండా చూడటం. అది పాతదాని కుర్చీలో కూచుని 'నేనే ఆయన్ని' అంటుంది. ధర తక్కువ, చప్పుడు శుభ్రం, గరగర లేదు. అలాంటివి నాలుగు ఇంట్లోకి వచ్చాయంటే, ఆ ఇంటి పిల్లలకి ఘంటసాల అంటే ఆ చీమ తలకాయ అక్షరాల మనిషే. ఇప్పుడు కేసెట్లు పోయాయి, ఫోనులోనే ప్రపంచమంతా ఉంది. కాని పాట పేరు కొడితే ఎవరెవరివో పది గొంతులు వరసగా వచ్చి నిలబడుతున్నాయి. వాటిలో మొదటివాడెవరో చెప్పడానికి పక్కన బియ్యం ఏరుతూ అమ్మ ఉండాలి కదా! అందరిళ్లల్లోనూ ఉండదు.

అంచేత శ్రద్ధాంజలి పాటలకి నేనో పరీక్ష పెట్టుకున్నాను. పాట అయిపోగానే నా చెయ్యి పాత రికార్డు వైపు వెళ్లిందా, లేదా? వెళ్తే పాడినవారికి దండం పెడతాను, పాట నచ్చినా నచ్చకపోయినా. వెళ్లకపోతే, ఎంత బాగా పాడినా, ఎక్కడో ఏదో దొంగతనం జరిగిందనే అనుమానం. ఈ లెక్కన ముకేశ్ పాటకీ, సైగల్ జోలపాటకీ కూడా లత పరీక్ష నెగ్గినట్టే. ఆవిడ 2022 ఫిబ్రవరి 6న వెళ్లిపోయింది. ఇప్పుడు ఆవిడ పాటలకి శ్రద్ధాంజలులు మొదలయ్యాయి. పాడే పిల్లలకి నేను మనవి చేసుకునేది ఇంతే. లతలా పాడకండి నాయనా, మీలా పాడండి. మేం లత దగ్గరికి వెళ్లొస్తాం.

చివరిగా ఒక్క మాట. 'శ్రద్ధాంజలి' మా ఇంటికొచ్చేసరికి నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆ జోలపాట పెట్టి అమ్మను పిలిచాను. బీసెంటు రోడ్డు అనుభవం మనసులో ఉంది కనక, మొహం వంక కాస్త భయంగానే చూశాను. అమ్మ మొదటి చరణం దాకా మాట్లాడలేదు.

"లత కదూ?" అంది.

"అవునమ్మా."

"ఆవిడ గొంతే. ఎవరిదీ ఎత్తుకు రాలేదు. బాగానే ఉంది."

హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగింది.

"ఒరే, మీ నాన్న మూలిగేవారే, ఆ పాట కదూ ఇది? ఆయన మూలిగినట్టుగా పాడినాయన ఒకాయన ఉండాలే. ఆయనది ఉంటే పెట్టు."